సందు లేని కాన్‌చెర్టో

కుర్చీలు వేయడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా ఊళ్లో చాలామంది నవ్వారు. నవ్వనీ. నేను దోహాలో నాలుగేళ్లు ఒక పెద్ద సంగీతశాలలో కుర్చీలు వేశాను, తీశాను, అర టన్ను బరువుండే పియానోను తోశాను. మా వాళ్లకు అదంతా దుబాయే. ఖతార్, ఖతార్ అని చెప్పి చెప్పి విసుగొచ్చి చివరికి నేనూ దుబాయ్ అనడం మొదలుపెట్టాను. ఇప్పుడు అటువైపు పోవడానికి బ్యాగులు సర్దుకుంటున్న మీలాంటి వాళ్ల కోసం అక్కడి ఒక్కరోజు సంగతి రాస్తున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఎనిమిదో ఏట. తప్పులుంటే సర్దుకుని చదవండి. నీతులు కనిపిస్తే మాత్రం వదిలేయండి. నేను నీతులు చెప్పే మనిషిని కానని చివరికి మీకే తెలుస్తుంది.

ప్రపంచకప్ కోసం ఆ దేశమంతా తవ్విపోసిన రోజులవి. ఎటు చూసినా క్రేన్లు, మెట్రో గుంతలు. నేను అల్ వక్రా దగ్గర స్టేడియం పనిలో షట్టరింగ్ కొట్టేవాణ్ణి. ఒకరోజు రెండు నిలువుల ఎత్తు నుంచి జారిపడి మోకాలు పాడు చేసుకున్నాను. పరంజా ఎక్కలేని షట్టరింగ్ మనిషి కంపెనీకి ఎందుకు? ఖురూజ్ కొడతారనుకున్నాను, అంటే వీసా తీసేసి ఇంటికి పంపడం. కానీ మాది మనుషుల్ని సప్లై చేసే కంపెనీ. స్టేడియానికి పంపేది, ఆస్పత్రికి పంపేది, సంగీతశాలకూ పంపేది. అక్కడ ఐదుగురు కావాలన్నారు. ఎక్కడం, దిగడం ఉండదు, నేల మీద పని అన్నారు. ముగ్గురు నేపాలీలతో పాటు నన్నూ, ఒక కడప మనిషినీ బస్సు ఎక్కించారు.

ఆ కడప తమ్ముడు పదేళ్లు ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవర్‌గా చేసి వచ్చినవాడు. గేటు పక్క గదిలో, ఎప్పుడు పిలుస్తారో తెలియక చొక్కా విప్పకుండానే పడుకోవడం అలవాటైనవాడు. పదో తరగతి పాసయ్యాడు. నాకు అక్షరాలు నేర్పింది అతనే, అదీ స్టేజీ నేల మీద. ఏ వాద్యం వాళ్లు ఎక్కడ కూర్చోవాలో మా సూపర్‌వైజర్ ఇంగ్లీషులో నక్షా ఇచ్చేవాడు. నాకు అది చీమలు పాకినట్టు కనపడేది. కడప తమ్ముడు తెల్ల టేపు ముక్కల మీద తెలుగులో రాసి నేలకు అతికించాడు. వయొలిన్‌కు ‘వ’, చెల్లోకు ‘చ’, బాస్‌కు ‘బ’. అందరూ ‘అ’తో మొదలుపెడతారు, నేను ‘వ’తో మొదలుపెట్టాను.

అక్కడ పని కష్టం కాదు, చప్పుడు కష్టం. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, రబ్బరు అడుగున్న బూట్లు. జనం కూర్చున్నాక నోరు విప్పకూడదు, అన్నీ వేళ్లతోనే. పియానోకు మూడు ఇత్తడి చక్రాలు, ఒక్కో చక్రానికి ఒక చిన్న బ్రేక్ మీట. మోకాలి మీద వంగి బొటనవేలితో నొక్కాలి. మూడూ నొక్కినవాడు లేచి, తలుపు దగ్గర నిలబడ్డవాడికి మూడు వేళ్లు చూపించాలి. ఆ మూడు వేళ్లు చూశాకే వాయించేవాళ్లను లోపలికి పంపుతారు. మా జట్టులో బ్రేకులు నావి, తలుపు కడప తమ్ముడిది. పాడు మోకాలివాడికి వంగే పని ఎందుకిచ్చారంటే, నేనే అడిగి తీసుకున్నాను. సైట్‌లో ఎవడో బోల్టు బిగించకపోతేనే నేను కింద పడ్డాను. ఇంకొకడి బిగింపు మీద నాకు నమ్మకం లేదు.

ఇక కాన్‌చెర్టో సంగతి. నేను అక్కడ చేరిన నాలుగో ఏడు చలికాలం మొదలు నెలకొకటి చొప్పున ఐదు కచేరీలు పెట్టారు. కాన్‌చెర్టో అనేది పాతకాలం నుంచి ఎట్లా పుట్టి పెరిగిందో వరుసగా వినిపించడం. ప్రపంచమంతా మన వైపు చూస్తోంది, మనకు ఆటే కాదు పాటా ఉందని చూపించాలి అన్నాడు మా సూపర్‌వైజర్. అతను మలయాళీ, మాకంటే ఎక్కువ భయపడే మనిషి. నాకు మాత్రం ఆ చరిత్ర చెప్పింది పియానో ట్యూనర్. గోవా మనిషి, డెబ్భై దాటాయి, అల్ సద్‌లో ఒంటరిగా ఒక గదిలో ఉండేవాడు. మేమంతా మాస్టర్ అనేవాళ్లం. ఆయనకు హిందీ వచ్చు, నాకు మా జిల్లా ఉర్దూ వచ్చు, సరిపోయింది.

“మాస్టర్, గీ కాన్‌చెర్టో అంటే ఏంది?” అని అడిగాను మొదటి కచేరీ రోజు.

ఆయన తీగ బిగిస్తూనే చెప్పాడు. “ఒకడు మాట్లాడతాడు భాయ్, మిగతా అందరూ జవాబిస్తారు. ఒకసారి ఔనంటారు, ఒకసారి కాదంటారు. కొట్లాడుకుంటారు. చివరికి అందరూ కలిసే ఇంటికి పోతారు.”

“అయితే మా ఒగ్గుకథ లెక్కనే. ఒకాయన కథ చెప్తడు, ఎనక నుంచి మిగిలినోళ్లు అందుకుంటరు.”

“మీ కథలో పియానో ఉందా?”

“లేదు.”

“అదృష్టవంతులు. మోసే పని లేదు.”

నేను ఆ చరిత్రను చెవులతో కాదు, కుర్చీలతో నేర్చుకున్నాను. మొదటి కచేరీకి పద్దెనిమిది మంది, కుర్చీలు ఏడే. వయొలిన్ల వాళ్లు నిలబడి వాయిస్తారు, ఆ కాలపు పద్ధతట. మధ్యలో పియానోకు తాతలాంటి హార్ప్‌సికార్డ్, ఇద్దరం పట్టుకుంటే లేచి వచ్చింది. ముందు నిలబడి చేతులు ఊపేవాడే లేడు. ముగ్గురు ఒక జట్టు, మిగిలినవాళ్లు ఒక జట్టు, వంతులు వేసుకుని వాయించారు. రెండో కచేరీకి ఆ ముగ్గురిలో ఒక్కడే మిగిలాడు. ఒక్క వయొలిన్ మనిషి ముందుకొచ్చి నిలబడి మంటలు లేపాడు. మూడో దానికి కుర్చీలు ముప్పై దాటాయి, పియానో వచ్చింది. వాయించేవాడే కూర్చున్న చోటి నుంచి తలతో, ముంజేతితో అందరినీ నడిపించాడు. అందులో ఒకచోట అందరూ ఆగిపోయారు, అతనొక్కడే వాయించుకుంటూ పోయాడు. ఎవరో మరిచిపోయారేమో అని నేను భయపడ్డాను.

“కాదు,” అన్నాడు మాస్టర్. “రాసినాయన అక్కడ ఖాళీ వదిలేశాడు. నీకు తోచింది వాయించుకో, అయిపోయాక మమ్మల్ని పిలువు అని. ఆ ఒంటరి వాయింపును కెడెంజా అంటారు.”

నాలుగో కచేరీకి కుర్చీలు యాభై దాటాయి, డోళ్లు వచ్చాయి. ఆ ఖాళీని కూడా రాసినాయనే నింపేశాడట. నీ ఇష్టం లేదు, నేను రాసిందే వాయించు అన్నాడట.

“సైట్‌ల గూడ గంతే మాస్టర్,” అన్నాను. “మంది పెరిగితే కాయితాలు పెరుగుతయ్.”

ఆయన చాలాసేపు నవ్వాడు. నాకు గర్వమైంది. మర్నాడు నేపాలీలకు కాన్‌చెర్టో గురించి నేనే చెప్పడం మొదలుపెట్టాను. మూడు భాగాలుంటాయి, గబగబా, నెమ్మదిగా, మళ్లీ గబగబా. మధ్యలో రెండు సందులుంటాయి. ఆ సందుల్లోనే జనం దగ్గుతారు, ఆలస్యంగా వచ్చినవాళ్లను లోపలికి వదులుతారు, ఏదైనా కుర్చీ కిర్రుమంటే మనలో ఒకడు పోయి సరిచేసి వస్తాడు. నాలుగు కచేరీల్లోనూ ఇంతే జరిగింది. కుర్చీల సంఖ్య మారింది గానీ సందుల సంఖ్య మారలేదు. నాకు అదే చట్టం అనిపించింది.

ఇంతలో మా మీద రెండు మచ్చలు పడ్డాయి. రెండో కచేరీలో ఒక కుర్చీ కాలి రబ్బరు ఊడి, ఆ వయొలిన్ మనిషి సన్నగా తీస్తున్నప్పుడు నేల గీసుకుంది. నాలుగో కచేరీలో కడప తమ్ముడి జేబులో వాకీటాకీ గరగరమంది. హాల్ డైరెక్టర్ యూరప్ మనిషి. అరవలేదు. సూపర్‌వైజర్‌ను పిలిచి రెండు ముక్కలు చెప్పి పంపాడు. ఆయన చెమటలు కక్కుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

“వినండి. ఐదో కచేరీని టీవీలో నేరుగా చూపిస్తున్నారు, రికార్డు కూడా చేస్తున్నారు. స్టేజీ వాళ్ల వల్ల ఇంకొక్క చప్పుడు వినిపించిందా, ఐదుగురూ వెనక్కి. వేరే కంపెనీ వాళ్లను పెట్టుకుంటారు. మీరు మళ్లీ స్టేడియం సైట్‌కే.”

కడప తమ్ముడు తల వంచుకున్నాడు. సూపర్‌వైజర్ నా వైపు తిరిగి, “చేట్టా, నీకైతే సైట్ కూడా లేదు. ఆ కాలుతో నిన్ను ఎవరూ తీసుకోరు,” అన్నాడు. చేట్టా అంటే వాళ్ల భాషలో అన్న. తిట్టడానికి అనలేదు. నిజం చెప్పాడు.

ఐదో కచేరీకి కుర్చీలు డెబ్భై రెండు. స్టేజీ చాలక ముందుకు పెంచాం. చెక్క పలకలు తెచ్చి వరుసగా బిగించి, వాటి అంచు పాత స్టేజీకి కలిపాం. కొత్త పాలిష్, అద్దంలా జారుతోంది. పలకలు కలిసిన ఒకచోట బొటనవేలంత వెడల్పున సందు మిగిలింది. సూపర్‌వైజర్‌కు చూపించాను. “పియానోను దానికి ఒక జానెడు దూరంలో పెట్టు, బ్రేకులు వేస్తే కదలదు కదా,” అన్నాడు. నిజమే. కదలదు, బ్రేకులు వేస్తే.

ఆ పొద్దున రిహార్సల్. పియానో వాయించే ఆమె యాభై ఏళ్ల మనిషి. సన్నగా ఉంటుంది గానీ చేతులు పడితే పియానో మూత వణికేది. ముందు నిలబడి చేతులు ఊపే కండక్టర్ అక్కడో ముక్క, ఇక్కడో ముక్క ఆపి ఆపి వాయించాడు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలిసేలా లేదు. మాస్టర్ తీగలు సరిచేసి లేస్తూ, “భాయ్, ఈ కాన్‌చెర్టో వేరు. దీని కాలానికి...” అని ఏదో చెప్పబోయాడు.

“నాకెర్కే మాస్టర్. మూడు భాగాలు,” అన్నాను నేను.

ఆయన నా మొహంలోకి చూసి, భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నా మోకాలు వాచి ఉంది. అదొక్కటే కాదు, నేను అన్నీ తెలిసినవాణ్ణి అయిపోయాను కూడా.

సాయంత్రం హాలు నిండింది. ముందుగా పియానో లేని ఒక చిన్న వాయింపు అయింది. చప్పట్ల మధ్య మేం వెళ్లి ముందు వరుస కుర్చీలు జరిపి పియానో తోసుకొచ్చాం. కెమెరాలు, వందల కళ్లు. తోక వైపు చక్రం దగ్గర వంగి మీట నొక్కాను. లోపలి వైపు చక్రం నొక్కాను. మూడోది జనం వైపుది. లేచి అటు తిరిగేసరికి మొదటి వయొలిన్ ఆయన పియానో మెట్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. అందరికీ శ్రుతి ఇవ్వడానికి పియానో మీద ఒక మెట్టు నొక్కడం ఆయన పని. చక్రం ఆయన కాళ్ల వెనక ఉంది. నేను అందుకోవాలంటే జనానికి ఎదురుగా మోకాళ్ల మీద పాకి, ఆ పెద్దమనిషి కాళ్ల మధ్య చెయ్యి పెట్టాలి. సిగ్గనిపించింది. మోకాలు మండుతోంది. రెండు బ్రేకులు చాలు, మొదటి భాగం కాగానే సందులో వచ్చి మూడోది వేస్తాను అనుకున్నాను.

తలుపు వైపు తిరిగి మూడు వేళ్లు చూపించాను.

కడప తమ్ముడు తల ఊపాడు. నేను పక్క తలుపు వెనక్కి చేరాను. ఆమె వచ్చింది, జనం లేచారు, కూర్చున్నారు. మొదలైంది.

తలుపుకు ఒక చిన్న అద్దం ఉంటుంది. నా కన్ను ఆ అద్దంలోంచి పియానో చక్రం మీదే ఉంది. ఆమె మొదటి దెబ్బకే అది కదిలింది. మొదట నా కన్నే కదిలిందనుకున్నాను. ఇంకో రెండు నిమిషాలకు చూస్తే జానెడు దూరం ఆరు వేళ్లయింది. పాలిష్ మీద రెండు బ్రేకులు చాల్లేదు. ఆమె కొట్టిన ప్రతిసారీ పియానో ముందు మూల పలకల సందు వైపు పాకుతోంది. ఆమె స్టూలును ఒకసారి ముందుకు లాక్కుంది. ఇంకోసారి లాక్కుంది.

అర టన్ను పియానో ఇత్తడి చక్రం ఆ సందులో పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. చప్పుడొక్కటే అయితే నయం, పియానో కాలు విరిగినా విరుగుతుంది. మా ఐదుగురి పని సరే, ఆమె చేతులు ఆ పియానో మీదే ఉన్నాయి.

కడప తమ్ముడు నా పక్కకు వచ్చాడు. చెవిలో గుసగుసగా, “అన్నా, అది కదుల్తాండాది,” అన్నాడు.

“కదుల్తున్నది.”

“మూడు ఏసినావు గదా?”

నేను అద్దం మీది నుంచి కన్ను తీయలేదు. అతను నన్ను చూశాడు. అద్దంలోకి చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

“నాకు మూడు ఏళ్లు సూపించినావు గదన్నా!”

“సందుల పోయి ఏస్త తమ్మీ. గీ భాగం అయిపోని.”

వెనక నిలబడ్డ మాస్టర్ విన్నాడు. ఆ ముసలాయన ముఖం పాలిపోవడం నేను అదొక్కసారే చూశాను. నా మోచెయ్యి పట్టుకుని, “ఏ సందు?” అన్నాడు.

“మొదటి భాగం కాంగనే.”

“సందు లేదు భాయ్! పొద్దున చెప్పబోయింది అదే. ఈ కాలం వచ్చేసరికి మధ్యలో దగ్గులూ చప్పట్లూ రాసేవాళ్లకు నచ్చలేదు. మూడు భాగాల్నీ కలిపి కుట్టేశారు. మొదలుపెడితే చివరిదాకా ఆగరు.”

అప్పుడే మొదటి భాగం అయిపోయింది. అయిపోయిందని నాకు తెలియనే లేదు. అందరూ ఆగారు గానీ ఒక కొమ్ము మాత్రం ఒకే స్వరం పట్టుకుని అలాగే నిలబడింది. ఆ స్వరం మీదనే నెమ్మది భాగం వచ్చి కూర్చుంది. అతుకు కూడా కనపడలేదు. చక్రానికీ సందుకూ మధ్య నాలుగు వేళ్లు.

ఒక్కటే మేలు. నెమ్మది భాగంలో ఆమె మెల్లగా వాయిస్తోంది, పియానో పాకడం బాగా తగ్గింది. కానీ చివరి భాగం మళ్లీ గబగబా. అప్పుడు నాలుగు వేళ్లు ఎంతసేపు?

“యాడన్నా అందరూ గట్టిగ కొట్టేది, ఆమె ఊకుండేది ఉన్నదా?” అని అడిగాను. ఒగ్గుకథలో ఉంటుంది. కథకుడు గుక్క తిప్పుకునేటప్పుడు డోళ్లవాళ్లు అందుకుంటారు.

మాస్టర్ కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు. తల లోపల పాటను ముందుకు తిప్పుకుంటున్నాడని అర్థమైంది. “ఉంది. నెమ్మది భాగం చివర్లో డెబ్భై మందీ ఒక్కసారి లేస్తారు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంటుంది. నిమిషం కూడా ఉండదు. కానీ అది ఆగగానే ఆమె ఒక్కతే వాయిస్తుంది, కెడెంజా. అప్పుడు నువ్వు గాలి పీల్చినా వినిపిస్తుంది.”

“పోయి ఏసి రాలేనా?”

“పోగలవు. రాలేవు.”

కడప తమ్ముడు నా చొక్కా పట్టుకున్నాడు. “పిచ్చి పట్టిందా నీకు? టీవీలో సూపిస్తాండారు. యాడికి పోతావు నువ్వు, ఆ కాలేసుకోని? నేను పోతా.”

“నువ్వెన్నడన్న బ్రేక్ ఏసినవా?”

“ల్యా.”

“మరి చొక్కా ఇడువు.”

సూపర్‌వైజర్ జనం వైపు గదిలో కెమెరాల వాళ్లతో ఉన్నాడు. అడగడానికి ఎవరూ లేరు. అడిగితే వద్దనేవాడే. బూట్లు విప్పేశాను. మాస్టర్ నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ చోటు రాగానే నొక్కుతానన్నాడు. నెమ్మది భాగం పొడుగ్గా సాగింది. అంత అందమైన పాటట అది, తర్వాత చెప్పారు. నాకు అప్పుడు నా గుండె తప్ప ఏమీ వినపడలేదు.

భుజం మీద చెయ్యి గట్టిగా నొక్కింది.

కడప తమ్ముడు తలుపు చప్పుడు కాకుండా తీశాడు. డెబ్భై మంది ఒక్కసారిగా లేచిన హోరు ముఖానికి కొట్టింది. నడుము వంచి చెల్లోల వెనక నుంచి, నేను పొద్దున అతికించిన ‘చ’ మీదుగా పోయాను. ఒక చెల్లో ఆమె నన్ను చూసి కూడా విల్లు ఆపలేదు. పియానో తోక కిందికి దూరి మోకాళ్ల మీద పాకాను. వాచిన మోకాలు నేల తాకినప్పుడల్లా కళ్లలో మెరుపులు. చక్రం అందింది. సందు రెండు వేళ్ల దూరంలో ఉంది.

మీట నొక్కాను. పడలేదు. చక్రం అడ్డంగా తిరిగి ఉంది. రెండు చేతులతో చక్రాన్ని తిప్పి, రెండు బొటనవేళ్లూ మీట మీద పెట్టి, ఒంటి బరువంతా వేశాను. పైన హోరు. ఇంకా హోరు. నొక్కుతున్నాను. హోరు తెగిపోయింది.

అప్పుడు పడింది మీట. టక్.

ఆ టక్‌మన్న చప్పుడు నాకు తుపాకి పేలినట్టు వినిపించింది. అందరూ ఆగిపోయారు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆమె నల్ల చెప్పులు నా ముఖానికి మూరెడు దూరంలో ఉన్నాయి. కుడి చెప్పు మడమ ఒకవైపు అరిగి ఉంది. ఆ కాలు కదిలి పెడల్ మీదికి వచ్చింది. ఆమె ఒక్కతే మొదలుపెట్టింది.

కాన్‌చెర్టోను ముందు వరుసలో కూర్చుని విన్నవాళ్లున్నారు, టీవీలో విన్నవాళ్లున్నారు. నేను పియానో కింద పడుకుని విన్నాను. అక్కడ అది పాటలా ఉండదు. చెక్క మూలుగుతుంది, పెడల్ దిగినప్పుడల్లా కడుపులో గాలి దిగినట్టుంటుంది, మోత నెత్తి మీద కాదు పళ్లలో మోగుతుంది. నాకు దగ్గు వచ్చింది. చేతి రుమాలు నోట్లో కుక్కుకున్నాను. కాలు పట్టేసింది, ఏడుపొచ్చింది, ఏడవడానికీ లేదు. ఒక కన్ను చక్రం మీద. ఆమె ఎంత కొట్టినా రెండు వేళ్ల దూరం రెండు వేళ్లే.

చివరి భాగం అయింది. చప్పట్లు వానలా పడ్డాయి. ఆమె లేచి వంగి దండం పెట్టాలి. కానీ ముందు స్టూలును వెనక్కి జరిపింది. తర్వాత తన పొడవాటి నల్లగౌను పియానోకూ జనానికీ అడ్డంగా పరుచుకునేలా నిలబడి వంగింది. ఒకసారి కాదు, చాలాసేపు వంగే ఉంది. ఆ గౌను చాటున నేను పాకుతూ చెల్లోల మధ్యకు పోయి, తలుపులో పడ్డాను. ఒక్క మాట అనలేదు ఆమె. పేరు పెట్టి కృతజ్ఞత చెప్పుకోవాల్సిన మనిషి, పేర్లు రాయకూడదనుకున్నాను కాబట్టి ఆపుతున్నాను.

అరగంటకు అందరినీ లిఫ్టు పక్క గదిలోకి పిలిచారు. డైరెక్టర్ కూర్చుని ఉన్నాడు. సూపర్‌వైజర్ హిందీలో అడిగాడు. “పియానో ఎందుకు కదిలింది? మూడు వేళ్లు ఎవరు చూపించారు, ఎవరు చూశారు?”

కడప తమ్ముడు నాకన్నా ముందే నోరు తెరిచాడు. “నేను సరిగ్గా సూడలేదు సార్. లైట్లు తగ్గించినారు. తప్పు నాదే.”

“కాదు,” అన్నాను. “రెండే ఏసిన. మూడు చూపించిన. ఆయన నన్ను నమ్మిండు, గంతే.”

సూపర్‌వైజర్ అది ఇంగ్లీషులో చెప్పాడు. మాస్టర్ మధ్యలో కలగజేసుకుని ఏదో గట్టిగా అన్నాడు. చప్పుడు రాలేదు, రికార్డు చేసినవాళ్లను అడగండి అన్నాడని తర్వాత తెలిసింది. డైరెక్టర్ బల్ల మీద వేళ్లు ఆడించి చెప్పిన మాటను సూపర్‌వైజర్ మాకు తిప్పి చెప్పాడు.

“చప్పుడు రాలేదు కాబట్టి ఇది మూడో తప్పు కింద లెక్కపెట్టను. జట్టు ఉంటుంది. కానీ రెండుకు మూడు చూపించేవాణ్ణి ఉంచుకోలేను.”

సరైన మాటే. అతని స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. ఎవడో బిగించని బోల్టు వల్లే కదా నేను స్టేడియంలో పడింది.

బస్సులో కడప తమ్ముడు నా పక్కన కూర్చుని ముఖం కిటికీ వైపు పెట్టుకున్నాడు. వక్రా దగ్గరకొచ్చాక ఇటు తిరిగాడు.

“ఒగ మాట గమ్మునుంటే అయిపోయేది గదన్నా. నేను మోసేవాణ్ణి.”

“అయిపోయేది. మల్ల నేను మూడు ఏళ్లు చూపిస్తే నువ్వు నమ్మెటోనివా?”

అతను మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. మంచివాడు, నా కోసం అబద్ధం చెప్పాడు గానీ నాతో చెప్పలేడు.

మర్నాటి నుంచి బ్రేకులు అతనివి. నాకు ఖురూజ్ కొట్టలేదు. కంపెనీకి ఆ వారమే స్టేడియంలో కుర్చీలు బిగించేవాళ్లు కావాల్సి వచ్చింది. పరంజా లేదు, మెట్ల మీద కూర్చుని ఒక్కో కుర్చీకి బోల్టులు బిగించడమే. పాడు మోకాలితో ఏడు నెలలు బిగించాను. కుర్చీల వెనక అంకెలూ అక్షరాలూ ఉండేవి, అన్నీ చదివేవాణ్ణి. తర్వాత నా అంతట నేనే ఇంటికి వచ్చేశాను.

నేను మొదట్లోనే అన్నాను, నీతులు చెప్పే స్థితిలో లేనని. ఆ గదిలో నేను నిజాయితీపరుణ్ణని అందరూ అనుకున్నారు, సూపర్‌వైజర్ వీపు కూడా తట్టాడు. కానీ ఆ టక్ సంగతి నేను చెప్పలేదు. చప్పుడు రాలేదు అని డైరెక్టర్ అన్నప్పుడు నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. అది చెప్పి ఉంటే మిగతా నలుగురూ పోయేవాళ్లు. ఒక నిజం చెప్పాను, ఒకటి మింగాను. వినిపించలేదేమో, నా భయంలో నాకే పెద్దగా అనిపించిందేమో అని ఏళ్ల తరబడి సర్దిచెప్పుకున్నాను.

మొన్న, నేను వచ్చేసిన ఇన్నాళ్లకు, కడప తమ్ముడు నా ఫోన్‌కు ఆ రికార్డు పంపాడు. దాంతో పాటు ఒక మాట రికార్డు చేసి పంపాడు. “అన్నా, ఆ డోళ్లన్నీ ఆగేకాడ చెవి పెట్టి విను. టక్ అంటాది. ఆ పొద్దే తలుపుకాడ విన్యా. ఎవురికీ చెప్పల్యా.”

విన్నాను. ఉంది. డెబ్భై మంది ఆగారు, టక్, ఆమె ఒక్కతే మొదలుపెట్టింది. తెలియనివాళ్లకు అది కూడా రాసినాయనే రాశాడేమో అనిపిస్తుంది.

అతనికి జవాబు రాద్దామనుకున్నాను. రాయడం నేర్పిందే అతను. ఏమీ రాయలేదు. ఈసారి అతని దగ్గర దాచింది ఏమీ లేదు. చెయ్యి ఎత్తి, మూడు వేళ్లు ఫోటో తీసి పంపాను.